మొక్కు లేని నడక

మాచర్లలో పొద్దున్నే ఎవరైనా చేతులూపుకుంటూ నడిచిపోతుంటే దానికి రెండే కారణాలు. ఒకటి షుగరు, రెండోది మొక్కు. షుగరైతే కాలువ కట్ట మీద అరగంట నడిచొచ్చి కాకరకాయ రసం తాగుతారు. మొక్కైతే చెప్పులు విప్పేసి కోటప్పకొండ దాకానో శ్రీశైలం దాకానో పోతారు. ఈ రెండూ లేకుండా శుభ్రంగా ఉన్న మనిషి, అందులోనూ ఇంటి పనీ ఉద్యోగమూ ఉన్న ఆడమనిషి, ఊరికే నడుస్తోందంటే నమ్మేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. రత్నకుమారికి ఈ సంగతి తెలియక కాదు. ఇరవై నాలుగేళ్లుగా ఆర్టీసీ కండక్టరుగా ఈ జనాన్నే బస్సెక్కించి దించుతున్న మనిషి ఆమె. తెలిసే, ఆ సంగతిని తనకు అనుకూలంగా వాడుకోబోయి ఇరుక్కుంది.

ఆమెకు యాభై రెండేళ్లు. మాచర్ల డిపోలో చాలా ఏళ్లుగా శ్రీశైలం సర్వీసు ఆమెదే. ఎర్రగొండపాలెం, దోర్నాల దాటి బస్సు నల్లమలలోకి దిగితే ప్రయాణికులు నిద్రపోతారు, కోతుల్ని చూసి పిల్లలు కేకలు పెడతారు, రత్నకుమారి మాత్రం ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి అడవిని చూస్తుంది. ఇన్నేళ్లలో ఆమె తిరిగిన కిలోమీటర్లు లక్షల్లో ఉంటాయి. అన్నీ నిలబడి తిరిగినవే. అందులో నడిచినవి రెండంటే రెండు.

ఆ రెండు కిలోమీటర్ల సంగతి చెప్పాలి. మూడేళ్ల కిందట, తొలకరి వానలప్పుడు, ఘాట్ రోడ్డులో బస్సు ఆగిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. ఏదైనా బండి వచ్చేదాకా ఆగమని డ్రైవరు అన్నాడు. ఈవిడ ఆగలేదు. చెక్‌పోస్టు దగ్గర్లోనే ఉంది, డిపోకి కబురు చెప్పి వస్తానని దిగి నడిచింది. వాన అప్పుడే వెలిసింది. చెట్ల మీంచి చినుకులు ఇంకా రాలుతున్నాయి. చిల్లరడిగేవాళ్లు లేరు, స్టేజీ వచ్చిందా అని అరిచేవాళ్లు లేరు. తన అడుగుల చప్పుడు తనకే వినిపిస్తుంటే రత్నకుమారికి ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధేం కాదది. ఇంత హాయి ఇన్నాళ్లూ తలుపు అవతలే ఉందా అని.

చెక్‌పోస్టులో జోసెఫ్ అనే ఫారెస్టు ఉద్యోగి ఉన్నాడు. ఆమె ఒంటరిగా నడిచి రావడం చూసి గుండె పట్టుకున్నంత పని చేశాడు.

"ఏందక్కా నువ్వు! పెద్దపులులు తిరిగే చోటిది. ఈడ నడిస్తే నేను కేసు రాయాల."

"రాసుకో తమ్ముడూ. ఇంకోసారి నడవాలంటే ఏం చెయ్యాలో కూడా చెప్పు," అంది రత్నకుమారి.

అతను నవ్వాడు. ఇక్కడ కుదరదు గానీ, నడవడానికే మనుషులు వెళ్లే అడవులు వేరే ఉన్నాయని చెప్పాడు. ట్రైనింగు కోసం తననోసారి ఉత్తరాఖండ్ పంపించారట. హిమాలయాల్లో ఒక జాతీయ పార్కు, పూల లోయ అంటారట. ఫోన్లో ఫోటోలు చూపించాడు. కొండల నడుమ కనుచూపు మేరా పూలు. ఎవరూ నారు పొయ్యలేదు, మందు కొట్టలేదు, నీళ్లు కట్టలేదు. మిరప చేల మధ్య పుట్టి పెరిగిన రత్నకుమారి ఆ ఫోటోని నమ్మలేక రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది.

అప్పట్నుంచీ మొదలైంది ప్లాను. తోడు ఎవరనుకున్నారు? జాన్‌బీ. అదే డిపోలో కండక్టరు, రత్నకుమారి సందులోనే చివరి ఇల్లు, ఆమె కంటే ఏడేళ్లు చిన్న. గుంటూరు సర్వీసులో కిక్కిరిసిన జనం మధ్య నలిగి నలిగి, "అక్కా, మనుషులు లేని చోటుకి నన్ను కూడా తీసకపో" అని తనే వచ్చి అడిగింది. డిపో రెస్టురూములో కూర్చుని పాత డ్యూటీ చార్టు వెనకవైపు ఇద్దరూ ప్లాను రాశారు. బస్సు వాళ్లు ప్లాను రాస్తే ఎలా ఉంటుంది? రూటు చార్టులాగే ఉంది. కొండ కింద గోవింద్‌ఘాట్ దాకా బస్సు. అక్కణ్నుంచి ఉదయం ఆరింటికి నడకన బయల్దేరుట. రెండు కిలోమీటర్లకో స్టేజీ. ప్రతి స్టేజీలో పది నిమిషాలు హాల్టు. మధ్యాహ్నం మూడుకు లోయ ముందరి ఊరు ఘాంగరియా చేరుట, బస. మర్నాడు పొద్దున లోయలోకి, సాయంత్రానికి వెనక్కి, ఎందుకంటే లోయలో రాత్రి ఎవర్నీ ఉండనివ్వరు. ఆఖర్న జాన్‌బీ "స్టాండింగ్ లేదు" అని రాసి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది.

ప్రాక్టీసు సాగర్ కుడి కాలువ కట్ట మీద. వీపుకు బరువు అలవాటు కావాలని సంచిలో ఐదేసి కిలోల బియ్యం వేసుకుని నడిచారు. చూసినవాళ్లు ఊరుకుంటారా? మొదటి వారం షుగరన్నారు, మెంతులు నానబెట్టి తాగమన్నారు. రెండో వారం, షుగరున్నోళ్లు బియ్యం మోసుకుని నడవడమేందని అనుమానపడ్డారు. బూట్లు కూడా కొన్నారు గానీ వాటిని కట్ట మీదికి వెళ్లాకే తొడుక్కునేవాళ్లు. రత్నకుమారి బూట్లు ఇంట్లో బియ్యం డబ్బా వెనక దాక్కున్నాయి.

మొగుడికి చెప్పాల్సిన రోజు వచ్చింది. చెన్నకేశవరావు మంచివాడే. సాగర్ రోడ్డులో మోటార్ల వైండింగు షాపు, చేతులనిండా గ్రీజు, నోటినిండా మాటలు. కానీ "ఊరికే నడవడానికి హిమాలయాలకి పోతా" అని అతని ముందు అనడానికి ఆమెకు నోరు రాలేదు. పైగా ఆ పూట ఆడబిడ్డ అనసూయ వచ్చి వసారాలో కూర్చుని ఉంది.

"పన్నెండు రోజులు సెలవెందుకే?" అన్నాడు చెన్నకేశవరావు అన్నం కలుపుకుంటూ.

"హిమాలయాలకి పోవాల. నడవాల."

"దేనికి?"

ఇద్దరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. నోరు జారింది.

"మొక్కుంది. పోయినేడు నీకు కిడ్నీలో రాళ్లకి ఆపరేషన్ జేశారు గదా, అప్పుడు మొక్కుకున్నా. బదరీనాథుడికి. కొండల్లో నడుత్తానని."

చెన్నకేశవరావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతని కళ్లు చెమ్మగిల్లాయి. "ఇన్నాళ్లూ ఒక్కమాట జెప్పలేదేందే," అన్నాడు. ఆ గొంతు వినేసరికి రత్నకుమారికి నిజం చెప్పేద్దామా అనిపించింది. అయినా పని జరిగిపోయిందన్న ఊరట ముందు అది నిలవలేదు. సెలవు కాగితంలో కారణం దగ్గర "దైవదర్శనం" అని రాసి సంచిలో పెట్టుకుంది.

మొక్కు అనే మాటకు ఉన్న బలం ఆమె సరిగా అంచనా వెయ్యలేదు. చెన్నకేశవరావు షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. తన కోసం పెళ్లాం హిమాలయాలు నడుస్తుందని చెప్పుకోవడంలో అతనికి ఆపరేషన్ నొప్పి కూడా తీపైపోయింది. మూడోనాటికి సందులోంచి ముడుపులు రావడం మొదలైంది. పసుపుగుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, కోరిక చెప్పి చేతిలో పెట్టడం. ఒకావిడ కూతురికి కాన్పు సుఖంగా కావాలి. ఒకాయన బోర్లో నీళ్లు పడాలి. ఒక కుర్రాడు సిగ్గుపడుతూ తెచ్చిచ్చాడు, కానిస్టేబుల్ సెలక్షనట. ఎవరికని కాదంటుంది? పదిహేడు ముడుపులు పోగయ్యాయి. అవన్నీ ఒక గుడ్డసంచిలో వేసి మేకుకు తగిలిస్తే, ఆ సంచి వంటింట్లో ఎటు తిరిగినా ఆమెనే చూస్తున్నట్టుండేది.

ముడుపు ఇవ్వంది ఒక్కరే. అత్త సరస్వతమ్మ. డెబ్భై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్లుగా గేటు దాటలేదు. వయసులో ఉన్నప్పుడు ఆమె తొమ్మిదిసార్లు కాలినడకన శ్రీశైలం పోయొచ్చిందని చుట్టాలందరూ గొప్పగా చెబుతారు. అంత భక్తురాలు ముడుపు కట్టకపోవడం రత్నకుమారికి గుచ్చుకుంది. తన మీద కోపమేమో అనుకుంది.

ఇక అనసూయ. ఆవిడ ఊళ్లో ఏ యాత్ర జరిగినా ముందు సీటు తనదే అనుకునే రకం. వదిన మొక్కు వినగానే నరసరావుపేటలో ఒక యాత్రల కంపెనీని పట్టుకుంది. పదకొండు రోజుల ప్యాకేజీ, హరిద్వారం, రుషీకేశం, బదరీనాథ్, దారి పొడుగునా తెలుగు వంట, ఆవకాయ వాళ్లదే. పద్నాలుగు మందిని పోగు చేసింది. చెన్నకేశవరావు కూడా వస్తానన్నాడు, దీక్షగా ఒంటిపూట భోజనంతో.

"మరి దారిలో ఉన్న పూల లోయ?" అంది రత్నకుమారి నెమ్మదిగా.

"పూలకోసం రెండ్రోజులు వేస్టెందుకు వదినా? ఆడ గుడి కూడా లేదంట. బస్సు తిన్నగా బదరీనాథ్ దాకా పోద్ది."

"నడుత్తానని మొక్కుకున్నా గదా అనసూయా."

"బస్సు దిగి గుడిదాకా నడుత్తావుగా, అదే నడక. అన్నయ్యకి ఆపరేషనయింది, ఆయన్ని కొండలెక్కిత్తావా?"

రత్నకుమారి మనసులో లెక్క వేసుకుంది. ఇరవై నాలుగేళ్లు బస్సులో నిలబడి, సెలవు పెట్టి, హిమాలయాల దాకా పోయి మళ్లీ బస్సులోనే కూర్చోవాలి. వద్దనడానికి కారణం లేదు. ఉన్న ఒక్క కారణాన్నీ తనే మొక్కు కింద పాతిపెట్టింది.

పైగా ఆ పద్నాలుగు మందిలో జాన్‌బీ లేదు. అనసూయ చెడ్డగా ఏమీ అనలేదు. సీట్లు నిండిపోయినయ్యంది, అంతే. ఆ సాయంత్రం డ్యూటీ దిగి జాన్‌బీ రత్నకుమారి ఇంటికొచ్చింది. చేతిలో కొత్త రెయిన్‌కోటు, ఇంకా కవరు విప్పలేదు.

"ఇది నువ్వు తీసకపో అక్కా. ఆడ వానలంట. నాకెందుకిప్పుడు?"

"జానూ, అది కాదే..."

"దేవుడి పని గదా, నాకేం బాధ లేదులే. పూలు కనపడితే ఫోటో పెట్టు." ఇంతకుముందు డ్యూటీ చార్టు వెనక ప్లాను రాస్తూ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిన మనిషి, అరుగు మీద కూర్చోకుండానే వెళ్లిపోయింది. తలుపు దగ్గర ఆ రెయిన్‌కోటు పట్టుకుని నిలబడ్డ రత్నకుమారికి తన మీద తనకే అసహ్యం వేసింది. జాన్‌బీ అడిగింది ఒక్క తోడే. ఆ తోడుని తాను ఒక అబద్ధానికి అమ్ముకుంది.

ఆదివారం పొద్దున టిక్కెట్ల కోసం ఆధార్ జిరాక్సులు తీసుకుపోవడానికి అనసూయ వచ్చింది. చెన్నకేశవరావు వసారాలో పేపరు చదువుతున్నాడు. సరస్వతమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నాది తియ్యబాక అనసూయా," అంది రత్నకుమారి. "నేను రావట్లా. నాకు మొక్కు లేదు."

"ఏందీ?"

"మొక్కుకోలా. అబద్ధం జెప్పా. నాకు ఆ పూల లోయలో నడవాలనుంది. జాన్‌బీతో. అంతకంటే ఇంకేం లేదు."

అనసూయ అరుపులు పక్కసందు దాకా వినిపించాయి. దేవుడి పేరు మీద అబద్ధమా అంది, పద్నాలుగు మందికి ఏం మొహం చూపించాలంది, అన్నయ్య పిచ్చోడు దొరికాడంది. రత్నకుమారి మొగుడి వైపే చూస్తోంది. అతను పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడిచాడు.

"నా ఆపరేషనప్పుడు నువ్వు నిజంగా మొక్కుకోలా?" అన్నాడు చివరికి. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"లేదయ్యా. ఐదు రోజులు నీ మంచం పక్కన నిలబడే ఉన్నా. దేవుడితో మాట్టాడే తీరిక యాడుంది నాకు?"

అతను లేచాడు. చొక్కా వేసుకుని, ఆదివారమైనా షాపుకు వెళ్లిపోయాడు. అతని వెనకే అనసూయ కూడా విసురుగా వెళ్లింది. వెళ్తూ వెళ్తూ గేటు ఎంత గట్టిగా వేసిందంటే గొళ్లెం వంకరపోయింది.

వసారాలో అత్తాకోడళ్లు మిగిలారు. రత్నకుమారి గోడకానుకుని కింద కూర్చుంది. ఇప్పుడు ఈవిడ కూడా మొదలుపెడుతుందని ఎదురుచూసింది. సరస్వతమ్మ నాలుగు కాయలు ఒలిచి అంది:

"నాకు ముందే తెల్సు అమ్మాయ్."

"ఏం తెల్సత్తా?"

"మొక్కున్నోళ్లు బూట్లు కొనరు. ఒట్టికాళ్లతో పోతారు. బియ్యం డబ్బా జరుపుదామని ఎనక చెయ్యి పెడితే తగిలినయ్. అందుకే ముడుపు ఇయ్యలా. ఇచ్చి నీ మెడకి ఇంకో గుదిబండ ఎందుకని."

రత్నకుమారి తలెత్తింది. ముసలామె కాయల వైపే చూస్తూ మాట్లాడుతోంది.

"మా కేశవులికి ఆటలమ్మ పోసినేడు మొక్కుకున్నా, శీశైలం నడిచొత్తానని. అది నిజం మొక్కే. మేం అప్పుడున్న వెల్దుర్తి కాణ్నుంచి ఐదు రోజులు. ఆ అడివిలో నన్ను ఎవురూ పిలవలా. ఎవురికీ వండలా. నా కాళ్లు నా ఇట్టం. ఇంటికొచ్చినాక మళ్లీ ఎప్పుడు పోదునా అని ఒకటే యావ. కారణం లేకుండా ఎవురు పోనిత్తారు? ఆ పైయేడు పిల్లోడికి కాస్త జొరం తగిలింది. మొక్కుకున్నా. ఆ పైయేడు కడుపునొప్పి అన్నాడు. దానికీ మొక్కుకున్నా. అట్టా తొమ్మిదేళ్లు."

"అత్తా..."

"బిడ్డకి జొరం రావాలని కోరుకోలా, ఒట్టు. గానీ ఒళ్లు ఎచ్చగా తగిలినప్పుడు ముందు నాకు ఆ అడివే గుర్తొచ్చేది. ఆ పాపం ఇన్నేళ్లు ఎవురికీ జెప్పుకోలా. అందరూ నన్ను పెద్ద భక్తురాలంటే నోరు మూసుకున్నా." చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వన్నా మొక్కు లేకుండా పో."

రత్నకుమారి లేచి మంచం దగ్గరికి వెళ్లి ఆమె మోకాళ్ల మీద తల పెట్టింది. ముప్పై ఏళ్ల కాపురంలో అత్త ఒళ్లో తల పెట్టడం అదే మొదలు. నొప్పి కాళ్లని గుర్తొచ్చి తియ్యబోతే సరస్వతమ్మ తియ్యనివ్వలేదు.

చెన్నకేశవరావు రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. అడిగితే ఊ అనేవాడు, కంచం ముందుకు జరిపేవాడు. ఆ రెండు రోజులూ రత్నకుమారి అన్నం కతికీ కతక్కుండానే లేచింది. అయినా సెలవు కాగితంలో "దైవదర్శనం" కొట్టేసి, పైన "నడవడానికి" అని రాసింది. డిపోలో గుమాస్తా ఇలా ఎవరూ రాయరమ్మా అంటే, నేను రాశానుగా అంది. జాన్‌బీ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పి, రెయిన్‌కోటు కవరు చింపి ఆమె భుజాల మీద కప్పింది. జాన్‌బీ ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత రూటు చార్టు ఎక్కడుందో వెతికింది.

మూడోనాటి సాయంత్రం చెన్నకేశవరావు షాపు నుంచి రెండు చేతికర్రలు తెచ్చి గోడకు ఆనించాడు. అల్యూమినియం పైపులు, పైన పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టాడు, అడుగున జారకుండా రబ్బరు బుష్షు బిగించాడు.

"జాన్‌బీకి కూడా ఒకటి చేశా," అన్నాడు ఎటో చూస్తూ. "ఆయమ్మ పొట్టి గదా, రెండంగుళాలు తగ్గించా."

ముడుపుల సంచి ఒకటి మిగిలింది. వాటిని తిరిగి ఇవ్వడం ఎలాగా అని రత్నకుమారి తల పట్టుకుంది. అనసూయ ఎలాగూ బదరీనాథ్ పోతోంది గదా, ఆమెకిచ్చేద్దామా అని కూడా అనుకుంది. ఆ ప్యాకేజీకి ఇప్పుడు అనసూయే లీడరు. ఆమె కోపం సగం ఆ సంబరంలోనే చల్లారింది. కానీ సరస్వతమ్మ ఒప్పుకోలేదు. ఎవరివి వాళ్లకి ఇచ్చి, ఉన్న సంగతి చెప్పి, పంపుకోవాలంటే వాళ్లే అనసూయతో పంపుకుంటారంది. మేకు మీది సంచి తానే తీసుకుంది. కొత్త చేతికర్రల్లో పొట్టిది ఎంచుకుంది.

"నేనిచ్చొత్తా. నా మాట మీద ఎవురూ తిట్టరు."

నాలుగేళ్ల తర్వాత ఆమె గేటు దాటింది. రత్నకుమారి గేటు దగ్గర నిలబడి చూస్తోంది. అత్త ఒక్కో గడప దగ్గరా ఆగుతోంది, ముడుపు తీసి చేతిలో పెడుతోంది, ఏదో చెబుతోంది, మళ్లీ కర్ర పొడుచుకుంటూ ముందుకు పోతోంది. సందు చివర జాన్‌బీ ఇంటి ముందుకు వచ్చేసరికి సంచి ఖాళీ అయిపోయింది. ఇక వెనక్కి తిరగాలి. తిరగలేదు. మలుపులో కాలువ కట్టకు ఎక్కే దారి ఉంది. అటు నడిచింది. రత్నకుమారి భయపడి వెనకే పరిగెత్తింది.

మలుపులో కూరగాయల బండి పెట్టుకున్న ఖాతూన్ బీ అప్పటికే ఆమెను ఆపింది.

"ఏంది పెద్దమ్మా, నడుత్తన్నావు? షుగరొచ్చిందా?"

"రాలేదు."

"మరి మొక్కా?"

"మొక్కూ కాదు."

"మరేందమ్మా?"

సరస్వతమ్మ వెనక్కి తిరిగి, రొప్పుతూ వస్తున్న కోడల్ని ఒకసారి చూసింది.

"ఊరికే," అని, కర్ర గట్టిగా ఊని కట్టెక్కింది.